మేత గాడిలో, పాలు నెమరులో

ఆ వేసవిలో మా ఇంట్లో రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలుండేవి. సంక్రాంతి వెళ్లగానే పాత తాటాకు పాక పీకించి, ఇనుప గొట్టాల మీద రేకుల షెడ్డు వేయించాం. కింద నున్నటి సిమెంటు గచ్చు. చూసినవాళ్లంతా బాగుందన్నారు. మే నెల వచ్చేసరికి పూటకు నాలుగు లీటర్లిచ్చే పెద్ద గేదె మూడుకు దిగింది. నేను దాణా కిలో పెంచాను. పాలు పెరగలేదు సరికదా, పాలకేంద్రంలో వెన్న శాతం కూడా పడిపోయింది. దాణా మార్చాను. కాల్షియం టానిక్కు పట్టించాను. అయినా అదే తీరు.

ఒక మధ్యాహ్నం మా వీధి చివరి బాబాయి ఏదో పనిమీద వచ్చి, షెడ్డులోకి తొంగి చూసి అక్కడే ఆగిపోయాడు. పెద్ద గేదె మెడ చాచి, నోరు కాస్త తెరిచి రొప్పుతోంది. గాడిలో పొద్దున వేసిన వరిగడ్డి వేసినట్టే ఉంది. బాబాయి చెయ్యెత్తి రేకును తాకబోయి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకున్నాడు. ఎండలో ఉన్న నీళ్లతొట్టిలో వేలు ముంచి చూశాడు.

"అది గడ్డి తినడం లేదురా అబ్బాయ్, ఎండ తింటోంది" అన్నాడు.

నెల రోజులుగా నేను గాడి వైపే చూస్తూ లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన కప్పు చూశాడు, నేల చూశాడు, తొట్టి చూశాడు, చివర్లో గాడి చూశాడు. పాడి చేసేవాళ్లు అలవరచుకోవలసిన చూపు అది. ఈ అధ్యాయమంతా దాని గురించే.

రెండు ఖాతాలు కావు, ఒకటే

పాల ఉత్పత్తికి అయ్యే ఖర్చులో 60 నుంచి 70 శాతం మేతకే పోతుంది. అందుకే పాలు తగ్గగానే మన చెయ్యి ముందు దాణా బస్తా మీదికి వెళుతుంది. షెడ్డు ఖర్చు ఒకసారి పెట్టి మరిచిపోయేదిగా, మేత ఖర్చు రోజూ పెట్టేదిగా మనసులో విడివిడిగా రాసుకుంటాం. పశువు ఒంట్లో ఈ రెండూ వేరు కావు. అది తిన్నది అరగాలంటే తీరిగ్గా నెమరు వేయాలి. నెమరు వేయాలంటే హాయిగా పడుకోవాలి. పడుకోవాలంటే నేల పొడిగా, గాలి చల్లగా ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా గాడిలో వేసిన డబ్బు పేడకుప్పలో తేలుతుంది.

కడుపులో పొయ్యి

పశువు పెద్దకడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతుంటాయి. ఆ పని జరిగినంతసేపూ వేడి పుడుతుంది. పీచు ఎక్కువున్న మేతకు ఈ వేడి ఎక్కువ. తిన్న మూడు నాలుగు గంటలకు అది బాగా పెరుగుతుంది. పొద్దున తొమ్మిదింటికి వరిగడ్డి వేస్తే లోపలి పొయ్యి రాజుకునేది సరిగ్గా నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే. పైన రేకు, లోపల పొయ్యి. మధ్యలో నలిగేది పశువు.

అప్పుడు పశువు తనకు తెలిసిన వైద్యం తాను చేసుకుంటుంది. వేడి పుట్టించే ఎండుగడ్డిని వదిలేసి, దాణా మాత్రం తింటుంది. మనం అది చూసి "దాణా ఇష్టంగా తింటోంది" అని ఇంకో డబ్బా పోస్తాం. ఇక్కడే దెబ్బ తగులుతుంది. పీచు తగ్గితే నెమరు తగ్గుతుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది. పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది, కడుపులో పులుపును విరిచే సహజమైన సోడా అందులోనే ఉంది. పైగా రొప్పే పశువు చొంగ కార్చి ఆ కాస్తా నేలపాలు చేస్తుంది. దాణా పెరిగి, పీచు తగ్గి, సోడా కారిపోతే కడుపు పులుస్తుంది. ముందు వెన్న శాతం పడుతుంది, తర్వాత పాలు పడతాయి. నేను పెంచిన కిలో దాణా మా గేదెకు చేసిన ఉపకారం ఇదీ.

అందుకే మొదటి సూత్రం: ఎండాకాలం పాలు తగ్గితే దాణా పెంచేముందు పశువు ఒంటి వేడి తగ్గించండి.

కప్పు, గాలి, నీడ

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ తిన్నగా లోపలికి కొట్టవు. పక్క గోడలు కట్టి మూసేయకండి, గాలి అడ్డంగా దూసుకుపోవాలి. కప్పు అంచు కనీసం ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున ఉంటే వేడి తల మీద కూర్చోదు. రేకులు ఉన్నవాళ్లు వాటిని పీకక్కర్లేదు. పైన వరిగడ్డో, తాటాకో, కొబ్బరి మట్టలో మందంగా పరిచి తాళ్లతో బిగించండి. అది కుదరకపోతే పైన తెల్లసున్నం కొట్టించండి. పడమటి వైపు వేప, కానుగ, అవిశ మొక్కలు నాటండి. మూడేళ్లు ఓపిక పడితే కరెంటు బిల్లు లేని చల్లదనం వస్తుంది.

నీళ్లు చల్లే పద్ధతి ప్రాంతాన్ని బట్టి మారాలి. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల వేసవి గాలి పొడిగా ఉంటుంది, పొగమంచులా చిమ్మే ఫాగర్లు అక్కడ బాగా పనిచేస్తాయి. కోనసీమలోనో కృష్ణా డెల్టాలోనో ఉక్కపోత వేళ అవే ఫాగర్లు పెడితే గాలిలో తేమ ఇంకా పెరిగి పశువు ఉడికిపోతుంది. అక్కడ ఒళ్లు బాగా తడిసేలా నీళ్లు పోసి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. చల్లబరిచేది ఆ ఆరడమే. గాలి లేని చోట ఊరికే తడపడం వల్ల లాభం లేదు.

జాతిని బట్టి కూడా లెక్క మారుతుంది. మన ఒంగోలు ఆవు తట్టుకునే ఎండను చిత్తూరు జిల్లాలో ఇంటింటా కనిపించే సంకరజాతి ఆవు తట్టుకోలేదు. హోల్‌స్టీన్ రక్తం ఎక్కువున్న ఆవుకు 25 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచే ఇబ్బంది మొదలవుతుంది. గేదె నల్లటి చర్మం ఎండను పీల్చుకుంటుంది, దానికి చెమట గ్రంథులు కూడా చాలా తక్కువ. అందుకే అది చెరువు కోసం పాకులాడుతుంది. చెరువు లేనిచోట రోజుకు రెండు మూడుసార్లు ఒళ్లంతా తడపడం గేదెకు కనీస అవసరం.

పడుకుంటేనే పాలు

లీటరు పాలు తయారవ్వాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. పశువు పడుకున్నప్పుడు ఆ ప్రవాహం నిలబడి ఉన్నప్పటికంటే బాగా ఎక్కువ. పాడిపశువు రోజులో పది పన్నెండు గంటలు పడుకోవాలనుకుంటుంది. నేల దాన్ని పడుకోనిస్తోందా అన్నదే ప్రశ్న.

మీరే పరీక్షించండి. శుభ్రమైన లుంగీ కట్టుకుని మీ పశువు పడుకునే చోట రెండు నిమిషాలు మోకాళ్ల మీద కూర్చోండి. మోకాలు తడిస్తే నేల తడి. నొప్పి పుడితే నేల కటిక. ఆ ఎత్తులోనే గట్టిగా ఊపిరి పీల్చండి. కళ్లు మండితే అది మూత్రం నుంచి లేచిన అమ్మోనియా. మీరు రెండు నిమిషాలు కూర్చోలేని చోట పశువు రాత్రంతా ఎలా పడుకుంటుంది?

గచ్చు నున్నగా ఉంటే కాలు జారుతుందన్న భయంతో పశువు పడుకోదు, పడుకున్నది లేవదు, లేవనిది మేత దగ్గరికీ నీళ్ల దగ్గరికీ రాదు. గచ్చు మీద గీతలు పెట్టించండి. పది అడుగులకు రెండు నుంచి మూడు అంగుళాల వాలు ఉంటే మూత్రం కాలువలోకి జారిపోతుంది. వీలైతే రబ్బరు చాపలు, లేకుంటే పొడి ఇసుక, చెరకు పిప్పి, పనికిరాని గడ్డి పరచండి. కప్పు కింద ఆవుకు మూడున్నర చదరపు మీటర్లు, గేదెకు నాలుగు, బయట ఖాళీ స్థలం దానికి రెట్టింపు ఉండాలని లెక్క. స్థలం ఉన్నవాళ్లు రోజంతా కట్టేయకుండా కంచె వేసి వదిలేస్తే పశువే తనకు నచ్చిన నీడ, నచ్చిన నేల వెతుక్కుంటుంది.

ఒక్క సమయంలో మాత్రం పడుకోనివ్వకూడదు. పాలు పితికాక చనురంధ్రం మూసుకోవడానికి సుమారు అరగంట పడుతుంది. ఆ లోపు తడి నేల మీద పడుకుంటే క్రిములు లోపలికి వెళ్లి పొదుగువాపు వస్తుంది. అందుకే పితికిన వెంటనే గాడిలో తాజా మేత వేయండి. తింటూ అరగంట నిలబడే ఉంటుంది. మేత వేసే వేళను మార్చడంతోనే ఒక జబ్బును చాలావరకు ఆపవచ్చు. షెడ్డూ మేతా ఒకే ఖాతా అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

కుడితి చాలదు, నీళ్లు కావాలి

ఆవు పాలలో 87 శాతం నీళ్లే. పాడిపశువుకు రోజుకు 60 నుంచి 80 లీటర్లు కావాలి, వేసవిలో వంద దాటుతుంది. పొద్దున ఒక కుడితి, సాయంత్రం ఒక కుడితి పెట్టి, దాహం తీరిందనుకుంటే పొరపాటే. నీళ్లు చాలని పశువు ముందు ఎండుమేత తగ్గించుకుంటుంది, తర్వాత పాలు తగ్గిస్తుంది. తొట్టి నీడలో, మెడ అందే చోట, ఇరవై నాలుగు గంటలూ నిండుగా ఉండాలి. వారానికోసారి పాచి గీకి సున్నం కొట్టండి. మీరు తాగడానికి వెనకాడే నీళ్లు పశువుకూ వద్దు.

గాడిలో ఏముండాలి

450 కిలోల గేదె రోజుకు 8 లీటర్లు ఇస్తోందనుకుందాం. పశువు తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం దాకా పొడి పదార్థం తింటుంది. అంటే 11 నుంచి 13 కిలోలు. 20 కిలోల పచ్చిమేతలో 16 కిలోలు నీళ్లే కాబట్టి దానివల్ల వచ్చేది 4 కిలోలు. 5 కిలోల ఎండుగడ్డి నుంచి నాలుగున్నర. 4 కిలోల దాణా నుంచి మూడున్నర. మొత్తం 12 కిలోలు. లెక్క సరిపోయింది. దాణా విషయంలో గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు కిలో, ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు కిలో అన్నది గుర్తుంచుకోవలసిన కొలత. పచ్చిమేత బాగా తక్కువైనప్పుడు శరీర పోషణకు మరో కిలోన్నర కలపాలి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు తప్పనిసరి.

పచ్చిమేతలో సూపర్ నేపియర్ ఒక్కటే సరిపోదు. నాలుగో వంతైనా అలసంద, పిల్లిపెసర, లూసర్న్, హెడ్జ్ లూసర్న్ లాంటి పప్పుజాతి మేత ఉండాలి. గడ్డి కడుపు నింపుతుంది, పప్పుజాతి మాంసకృత్తులనిస్తుంది. వరిగడ్డి తప్ప గతి లేని చోట దాన్ని యూరియాతో ఊరబెట్టండి: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలలు నిండని దూడలకు ఇది పెట్టకూడదు, యూరియా కలిపిన నీళ్లను ఏ పశువునూ తాగనివ్వకూడదు.

మేత ఏది మార్చినా పది పదిహేను రోజులు తీసుకుని మార్చండి. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం తెచ్చి "పాపం తిననీ" అని ఒకేసారి గంపెడు పెట్టడం వల్ల మన ఊళ్లలో ఎన్నో గేదెలు కడుపు పులిసి పోయాయి. ప్రేమతో చేసిన హాని అది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, తడిసి ముక్కిన మొక్కజొన్న దాణాలో కలపకండి. ఆ బూజు విషం పాలలోకి దిగి మన పిల్లల గ్లాసులోకి వస్తుంది. ఇక్కడా షెడ్డు పాత్ర ఉంది. దాణా బస్తాలను నేల మీద, గోడకు ఆనించి పెడితే చెమ్మెక్కుతాయి. చెక్కబల్ల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి. గాడి మూలల్లో నిన్నటి మేత పులిసిపోతే ఆ వాసనకు పశువు కొత్త మేతనూ ముట్టదు. రోజూ గాడి ఊడ్చాకే కొత్త మేత వేయండి.

వానాకాలం, చలికాలం

వానలు పడగానే లేత గడ్డి విరివిగా దొరుకుతుంది. అందులో నీరెక్కువ, పీచు తక్కువ. పేడ పలచబడి, వెన్న శాతం తగ్గుతుంది. లేత గడ్డితోపాటు ఎండుగడ్డి నరికి కలపండి. వాన లేక వాడిన లేత జొన్నను, కోసిన తర్వాత వచ్చే జొన్న పిలకలను మేపకండి. వాటిలోని సయనైడు విషం నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అలాంటి ఆపదలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్యశాల వస్తుంది. ఈ కాలంలో షెడ్డుకు ముఖ్యశత్రువులు బురద, ఈగలు. జోరీగ కుడుతుంటే పశువు తోక విసురుతూ, కాళ్లు కొడుతూ నిలబడే ఉంటుంది, నెమరు ఆగిపోతుంది. పేడను రోజుకు రెండుసార్లు దూరంగా తరలించండి, గుంటల్లో నీళ్లు నిలవనీయకండి.

చలికాలం పెద్ద పశువులకు మన వాతావరణంలో పెద్ద ఇబ్బంది లేదు. ఆదిలాబాద్, అరకు వంటి చోట్ల రాత్రిపూట ఉత్తరపు గాలికి గోనెపట్టాలు దించండి, పొద్దున మళ్లీ ఎత్తేయండి. ఎండుగడ్డి పుట్టించే వేడి ఈ కాలంలో మేలే చేస్తుంది. వేసవిలో ఇబ్బంది పెట్టిన పొయ్యే ఇప్పుడు కుంపటి.

వేసవి దినచర్య

తెల్లవారుజామున 5 గంటలకు పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పాలు పితకండి. వెంటనే సగం దాణా, నరికిన పచ్చి, ఎండు మేత కలిపి వేయండి.

ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా నీడ, నీళ్లు, మూడుసార్లు ఒళ్లు తడపడం. మేత అడిగితే కొద్దిగా పచ్చిమేత చాలు.

సాయంత్రం 4 గంటలకు ఒళ్లు కడిగి ఆరనివ్వండి. ఒంటి మీది నీళ్లు పొదుగు మీదుగా కారుతుండగా పితకకండి. 5 గంటలకు పాలు, మిగతా దాణా.

రాత్రి 7 దాటాక ఎండుగడ్డిలో ఎక్కువ భాగం. రాత్రి చల్లదనంలో పశువు తీరిగ్గా తిని నెమరు వేస్తుంది.

పితికే వేళ, పితికే చెయ్యి రోజూ ఒకటే ఉంటే పశువు తేలిగ్గా చేపుతుంది. చేపు హార్మోను ప్రభావం కొద్ది నిమిషాలే. అరుపులు, దెబ్బలు, కుక్కల అలజడి ఉంటే ఆ కాస్తా ఆగిపోతుంది. సూది వేసి చేపించే దారి తొక్కకండి. నెమ్మదిగా ఉండే షెడ్డే పశువుకు సరైన మందు.

అరగంట చూపు

ఈ వారం మీరు చేయవలసిన పని ఒక్కటే. రోజూ మధ్యాహ్నం రెండింటికి నోట్‌బుక్కు పట్టుకుని షెడ్డులో అరగంట కూర్చోండి. ఏమీ మార్చకండి, చూసి రాయండి.

డొక్క కదలికను బట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. మామూలుగా 30 లోపు ఉంటుంది. 60 దాటితే పశువు వేడితో బాధపడుతోంది.

తినని, తాగని పశువుల్లో ఎన్ని పడుకున్నాయి, వాటిలో ఎన్ని నెమరు వేస్తున్నాయి? సగానికి తగ్గితే నేలో, వేడో, మేతో ఎక్కడో లోపముంది.

గాడిలో ఏది మిగిలింది? ఎండుగడ్డే మిగులుతుంటే దాణా పెంచొద్దు.

పేడ ఎలా ఉంది? పలచగా పారితే పీచు తక్కువ, ఉండలు కడితే నీళ్లు తక్కువ, గింజలు కనబడితే దాణా అరగడం లేదు.

వారం రాశాక సరిచేయడం మొదలుపెట్టండి. ముందు ఖర్చులేనివి: తొట్టి నీడలోకి జరపడం, ఎండుగడ్డి రాత్రికి మార్చడం, గాడి ఊడ్చడం. తర్వాత చిన్న ఖర్చువి: కప్పు మీద ఆకు, గచ్చు మీద గీతలు, ఖనిజ మిశ్రమం. ఫ్యాన్లు, చాపలు, కొత్త షెడ్డు చివర. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. వారానికి ఒకటి మార్చండి, పాలు రాయండి.

మా ఇంట్లో మాత్రం బాబాయి వచ్చిన రోజు సాయంత్రమే అన్నీ ఒకేసారి మార్చేశాం. రేకుల మీద తాటాకు ఎక్కించాం. తొట్టి చింతచెట్టు కిందికి చేరింది. వరిగడ్డి రాత్రికి మారింది, నేను పెంచిన కిలో దాణా తీసేశాను. పది పన్నెండు రోజుల్లో తగ్గిన పాలు చాలావరకు తిరిగొచ్చాయి, వెన్న కూడా నిలబడింది. కొత్తగా కొన్నది ఒక్క తాడు చుట్ట మాత్రమే.

మీ ఇంట్లో దాన్ని గేదె అనొచ్చు, బర్రె అనొచ్చు, ఎనుము అనొచ్చు. దానికి మాట రాదు. అయినా మధ్యాహ్నం రెండింటికి తన ఊపిరితో, నిలబడ్డ తీరుతో, వదిలేసిన గడ్డితో అంతా చెబుతూనే ఉంటుంది. దాణా బస్తా విప్పేముందు ఒక్క అరగంట దాని పక్కన కూర్చుని వినండి.